ఇంట గెలిచినవాడు: రాజిందర్ గోయల్ క్రికెట్ జీవితం

"ఇంట గెలిచి రచ్చ గెలువు" అన్నది మన పెద్దల మాట. క్రికెట్ ఆటకు ఈ సామెత చక్కగా వర్తిస్తుంది. దేశం తరఫున పరదేశపు జట్టుతో తలపడటం రచ్చ. స్వదేశంలో ఒక రాష్ట్రపు జట్టు మరొక రాష్ట్రపు జట్టుతో తలపడటం ఇల్లు. రచ్చ గెలిచినవారి పేర్లు పసిపిల్లలకు సైతం కంఠస్థమే. కాని ఇంట గెలిచి, మరల మరల గెలిచి, పాతికేళ్ళకు పైగా గెలుస్తూనే ఉండి, రచ్చకు మాత్రం చేరలేకపోయిన క్రీడాకారుడు ఒకరున్నారు. ఆయన రాజిందర్ గోయల్. రంజీ ట్రోఫీ చరిత్రలో ఆయన తీసుకొన్నన్ని వికెట్లు మరెవరూ తీసుకొనలేదు. అయినా టెస్టు మ్యాచ్ ఒక్కటి కూడా ఆయన ఆడలేదు. ఈ రెండు విషయాలూ ఒకే మనిషిని గూర్చినవంటే వినేవారికి మొదట నమ్మశక్యం కాదు. రెండూ ఏ విధంగా నిజమైనవో పరిశీలించడం, ఆ పరిశీలన వలన విద్యార్థులమైన మనకు తెలిసివచ్చేది ఏమిటో ఆలోచించడం ఈ వ్యాసం యొక్క ఉద్దేశం.

ముందుగా ఆయన జీవితమంతా గడిచిన రంజీ ట్రోఫీని గూర్చి కొంత తెలుసుకోవాలి. ఈ పోటీ 1934-35లో ఆరంభమైనది. పటియాలా మహారాజు భూపిందర్ సింగ్ దీనికి ట్రోఫీని బహూకరించారు. నవానగర్ పాలకుడు, మహా బ్యాట్స్‌మన్ అయిన రంజిత్ సింహ్‌జీ పేరు దానికి పెట్టారు. ఆ రంజిత్ సింహ్‌జీ సైతం భారతదేశం తరఫున ఎన్నడూ ఆడలేదన్నది ఇక్కడ గుర్తుంచుకోదగిన సంగతి. ఆయన ఆడిన 15 టెస్టులూ ఇంగ్లండు పక్షాన ఆడినవే. మన హైదరాబాదు జట్టు ఈ ట్రోఫీని 1937-38లోను, 1986-87లోను గెలుచుకొన్నది. ఆంధ్ర జట్టు 1953-54 నుండి ఈ పోటీలో వేరుగా పాల్గొంటున్నది. బొంబాయి జట్టు 1958-59 మొదలు 1972-73 వరకు వరుసగా పదిహేను పర్యాయాలు విజేతగా నిలిచినది. గోయల్ బౌలింగ్‌లో సగం కాలం ఆ బొంబాయి ఆధిపత్యపు నీడలోనే గడిచింది.

నేటి హర్యానా రాష్ట్రంలోని నర్వానా అనే చిన్న పట్టణంలో 1942 సెప్టెంబరు 20న గోయల్ జన్మించారు. ఆయన పుట్టిన నాటికి హర్యానా అనే రాష్ట్రమే లేదు. అది 1966 నవంబరు 1న ఏర్పడినది. కనుక ఆయన ఆడుతూ వచ్చిన జట్ల పేర్లలోనే ఉత్తర భారతపు మారిన భూపటం కూడా కనిపిస్తుంది. మొదట దక్షిణ పంజాబు జట్టుకు, పిదప ఢిల్లీకి, 1973-74 నుండి చివరి వరకు హర్యానాకు ఆయన ఆడారు. యుక్తవయస్సు రాకముందే 1950ల చివరిలో మొదటి తరగతి క్రికెట్‌లో అడుగు పెట్టి, 1984-85 సీజన్‌తో విరమించారు. అప్పటికి ఆయన వయస్సు నలుబది రెండు. నాడు ఆయనతో ఆట ఆరంభించినవారిలో అనేకులు అప్పటికే బంతి ముట్టడం మాని ఏండ్లు గడిచిపోయాయి.

గోయల్ ఎడమచేతి స్పిన్ బౌలర్. ఈ విద్య ఎటువంటిదో తెలియనివారి కొరకు కొంత వివరించడం అవసరం. ఎడమచేతివాటం బౌలర్ వ్రేళ్ళతో త్రిప్పి వేసిన బంతి కుడిచేతి బ్యాట్స్‌మన్ కాళ్ళవైపు నుండి లేచి, అతని నుండి దూరంగా ఆఫ్ దిక్కుకు తిరుగుతుంది. బ్యాట్ అంచుకు తగిలితే స్లిప్‌లో క్యాచ్ అవుతుంది. బ్యాట్స్‌మన్ ముందుకు వచ్చి తప్పితే వికెట్ కీపర్ స్టంపులు పడగొడతాడు. ఇక తిరుగుతుందనుకొన్న బంతి తిరగక తిన్నగా వచ్చిందా, ప్యాడ్‌కు తగిలి ఎల్.బి.డబ్ల్యు. కావడమే. ఈ విధంగా తిరిగే బంతికి, తిరగని బంతికి మధ్య సందేహాన్ని కల్పించడమే ఈ బౌలింగ్‌లోని రహస్యం. బిషన్ సింగ్ బేడీ ఇదే విద్యను గాలిలోకి బంతిని ఎగురవేసి, బ్యాట్స్‌మన్‌ను ఊరించి సాధించారు. గోయల్ పద్ధతి వేరు. ఆయన బంతి అంత ఎత్తుకు లేవదు. కొంత వేగంగా, చదునుగా వచ్చి, అనుకొన్న చోటనే పడుతుంది. మరల అక్కడనే పడుతుంది. బ్యాట్స్‌మన్‌కు ముందుకు రావడానికి వ్యవధి ఉండదు, వెనుకకు పోవడానికి చోటుండదు. పిచ్ కొంచెం పొడిబారి మన్ను రేగినదంటే ఆ బంతులను ఎదుర్కొనడం మేటి ఆటగాళ్ళకు సైతం పెద్ద పరీక్షగా ఉండేది.

ఆ నిలకడకు ఫలితం అంకెలలో కనిపిస్తుంది. మొదటి తరగతి క్రికెట్‌లో గోయల్ 157 మ్యాచ్‌లు ఆడి 750 వికెట్లు తీశారు. ఒక్కొక్క వికెట్‌కు ఇచ్చిన పరుగుల సగటు 18.58. ఒక ఇన్నింగ్స్‌లో అయిదు గాని అంతకు మించి గాని వికెట్లు తీసిన సందర్భాలు 59. ఒక మ్యాచ్‌లో పది వికెట్లు పూర్తిచేసిన సందర్భాలు 18. రంజీ ట్రోఫీలో మాత్రమే చూస్తే ఆయన వికెట్లు 637. ఈ వరుసలో రెండవ స్థానం తమిళనాడుకు చెందిన ఎస్. వెంకటరాఘవన్‌ది, ఆయన వికెట్లు 530. మొదటి స్థానానికీ రెండవ స్థానానికీ నడుమ నూటికి పైగా వికెట్ల అంతరం ఉన్నది. గోయల్ ఆట మాని నలుబది సంవత్సరాలు గడిచినా, నేడు జట్లకు మ్యాచ్‌ల సంఖ్య పెరిగినా, ఆరువందల గీటు దాటిన మరొక బౌలర్ ఆ పోటీలో లేడు.

మరి అటువంటివానికి భారత జట్టులో స్థానం ఎందుకు లభించలేదు? దీనికి సమాధానం ఎవరి దుర్మార్గంలోనో వెదకనక్కరలేదు. పదకొండు స్థానాలు గల జట్టులో ఎడమచేతి స్పిన్నర్‌కు సాధారణంగా ఉండేది ఒకే ఒక స్థానం. గోయల్ యౌవనంలో ఉన్న 1960లలో ఆ స్థానంలో బాపూ నాడ్‌కర్ణి, సలీం దురానీ వంటివారు ఉండేవారు. వారు బౌలింగ్‌తో పాటు బ్యాటింగ్ కూడా చేయగలవారు. గోయల్‌కు బ్యాటింగ్‌లో అటువంటి నేర్పు లేదు. ఆయన చివరి వరుసలో దిగే ఆటగాడు. 1964-65లో సిలోన్ జట్టుతో జరిగిన అనధికార టెస్టులలో ఒకదానిలో ఆయనకు ఆడే అవకాశం వచ్చింది. అధికార టెస్టుకు తలుపు మాత్రం తెరుచుకోలేదు.

ఇంతలో 1966 డిసెంబరు 31న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో వెస్టిండీస్‌పై బిషన్ సింగ్ బేడీ తొలి టెస్టు ఆడారు. బేడీ గోయల్ కంటె నాలుగేండ్లు చిన్నవారు. ఆ పిదప పన్నెండేండ్లకు పైగా ఆ ఒక్క స్థానం బేడీదే అయినది. 67 టెస్టులలో 266 వికెట్లు తీసిన బౌలర్‌ను ప్రక్కకు తప్పించమని ఏ ఎంపిక సంఘాన్ని అడుగగలం? పైగా ఆ రోజులలో బేడీ, ప్రసన్న, చంద్రశేఖర్, వెంకటరాఘవన్ అనే నలుగురు స్పిన్నర్లు దేశానికి ఉండేవారు. ఆ నలుగురూ కలిసి తీసిన టెస్టు వికెట్లు 853. అయినా నలుగురూ ఒకే టెస్టులో కలిసి ఆడినది ఒక్కసారి మాత్రమే. అది 1967లో ఇంగ్లండులోని ఎడ్జ్‌బాస్టన్ మైదానంలో. అంతటి నలుగురికే ఒక జట్టులో చోటు చాలనప్పుడు అయిదవవాని సంగతి చెప్పనక్కరలేదు. అయిదవవాడు తక్కువవాడు కాడు. అతనికి మిగిలిన కుర్చీ లేదు, అంతే.

ఒకే ఒక్కసారి ఆ కుర్చీ ఖాళీ అయినది. 1974లో ఇంగ్లండు పర్యటనలో ఒక టెలివిజన్ సంభాషణలో పాల్గొన్నందుకు క్రమశిక్షణ చర్యగా బేడీని తరువాతి టెస్టుకు ఎంపిక చేయలేదు. ఆ టెస్టు 1974 నవంబరులో బెంగుళూరులో వెస్టిండీస్‌తో జరిగినది. ఆ నగరంలో జరిగిన మొట్టమొదటి టెస్టు అదే. బేడీ బదులుగా గోయల్‌ను బెంగుళూరుకు పిలిపించారు. అప్పటికి ఆయనకు ముప్పది రెండేండ్లు, బౌలర్‌గా పరిపక్వ దశ. కాని తుది పదకొండుమంది పేర్లు నిర్ణయమైనప్పుడు అందులో ఆయన పేరు లేదు. ప్రసన్న, వెంకటరాఘవన్, చంద్రశేఖర్ ముగ్గురూ ఆడారు. హైదరాబాదుకు చెందిన సయ్యద్ ఆబిద్ అలీ కూడా ఆ జట్టులో ఉన్నారు. గార్డన్ గ్రీనిడ్జ్, వివియన్ రిచర్డ్స్ అనే ఇద్దరు నవయువకులు ఆ మ్యాచ్‌తోనే టెస్టు రంగంలో ప్రవేశించారు. భారతదేశం 267 పరుగుల తేడాతో ఓడిపోయినది. తరువాతి ఢిల్లీ టెస్టుకు బేడీ తిరిగి వచ్చారు. గోయల్ రంజీ పోటీకి వెళ్ళిపోయారు. టెస్టు క్రికెట్ గడప వద్దకు ఆయన వెళ్ళినది ఆ ఒక్క పర్యాయమే.

ఇందులో ఒక విచిత్రం కూడా ఉన్నది. టెస్టుకు దూరమైన ఆ 1974-75 సీజన్‌లోనే బేడీ ఢిల్లీ తరఫున రంజీ ట్రోఫీలో 64 వికెట్లు తీసి ఒక సీజన్ రికార్డును నెలకొల్పారు. నాలుగు దశాబ్దాలకు పైగా దానిని ఎవరూ దాటలేదు. అనగా గోయల్ మార్గానికి అడ్డుగా నిలిచినది పలుకుబడి కాదు, అసాధారణమైన ప్రతిభ. ఒక ప్రతిభకు ఇంకొక ప్రతిభ అడ్డుపడటంలో దోషి అంటూ ఎవరూ ఉండరు. బేడీ టెస్టుల నుండి తప్పుకొన్న 1979లో దిలీప్ దోషీ ముప్పదియవ ఏడు దాటిన పిదప తొలి టెస్టు ఆడి, 33 టెస్టులలో 114 వికెట్లు తీశారు. గోయల్‌కు అప్పుడు ముప్పది ఏడు. బేడీకి ముందు వయస్సు చాలక కాదు, బేడీ తరువాత శక్తి చాలక కాదు. ఆ రెండింటి నడుమ ఆయన ఉత్తమ సంవత్సరాలు గడిచిపోయాయి.

ఇక్కడ ఒక న్యాయమైన ఆక్షేపణను కూడా పరిశీలించాలి. గోయల్ వికెట్లు అధిక భాగం బలహీనమైన జట్లపై తీసినవి కదా, బేడీ తీసినవి ప్రపంచపు మేటి బ్యాట్స్‌మన్‌లవి కదా అని అనేవారున్నారు. అందులో కొంత నిజం ఉన్నది. 1957-58 నుండి రంజీ పోటీ మండలాల వారీగా జరిగేది. ఉత్తర మండలపు జట్టు మొదట తన మండలంలోని ఢిల్లీ, పంజాబు, సర్వీసెస్, జమ్మూ-కాశ్మీర్ వంటి జట్లతోనే ఆడాలి. ఆ దశ దాటితేనే బొంబాయి వంటి ఇతర మండలాల జట్లు ఎదురవుతాయి. ఆ జట్లన్నీ సమాన బలం గలవి కావు. కాని ఆ పద్ధతికి రెండవ వైపు కూడా ఉన్నది. మండలంలో ఆడే మ్యాచ్‌లు ఏటా నాలుగైదు మాత్రమే. ఆ కొద్దిపాటి మ్యాచ్‌ల నుండి సగటున ఏటా ఇరవైమూడు, ఇరవైనాలుగు చొప్పున, ఇరవై ఆరు ఇరవై ఏడు సీజన్లు వికెట్లు ప్రోగుచేస్తే గాని 637 కాదు. ఒక్క సంవత్సరపు మెరుపుతో వచ్చే సంఖ్య కాదది. బలహీనుడైన బ్యాట్స్‌మన్ కూడా తనంతట తాను ఔట్ కాడు. అతనిని ఔట్ చేసే బంతిని ఎవరో ఒకరు వేయాలి. సునీల్ గవాస్కర్ వంటి బ్యాట్స్‌మన్ 1983లో వెలువడిన తన "ఐడల్స్" అనే గ్రంథంలో, తాను ఆరాధించే క్రీడాకారుల సరసన, టెస్టు ఆడని గోయల్‌కు సైతం స్థానం కల్పించారు. ఎదుట నిలిచి ఆయన బంతులను ఎదుర్కొన్నవారి తీర్పు అది.

గోయల్ క్రికెట్‌తో ధనవంతులు కాలేదు. ఆ కాలపు రంజీ ఆటగాళ్ళకు ఆట వలన లభించే సొమ్ము అత్యల్పం. కుటుంబం గడవడానికి వేరే ఉద్యోగం తప్పనిసరి. బ్యాంకులు, రైల్వేలు, సైనికదళాలు వారికి ఆధారం. గోయల్ కూడా బ్యాంకు ఉద్యోగిగానే జీవించారు. రోహ్‌తక్ ఆయన నివాసం. 1970-71లో మాత్రమే రంజీ పోటీలో ప్రవేశించిన హర్యానా జట్టుకు ఆయన బౌలింగ్ దాదాపు పునాదిగా నిలిచినది. 1975 నవంబరులో ఆ రోహ్‌తక్‌లోనే, పంజాబుతో జరిగిన మ్యాచ్‌లో, కపిల్ దేవ్ అనే పదహారేళ్ళ బాలుడు హర్యానా తరఫున తొలిసారి ఆడి 39 పరుగులకు ఆరు వికెట్లు తీశాడు. ఆ బాలుడు దేశానికి నాయకుడై 1983లో ప్రపంచ కప్పును తెచ్చేనాటికి కూడా గోయల్ హర్యానాకు బంతి వేస్తూనే ఉన్నారు. ఆయన విరమించిన మరుసటి సీజన్, 1985-86లో, హర్యానా రంజీ ఫైనలుకు చేరి ఢిల్లీ చేతిలో ఓడిపోయినది. 1990-91లో కపిల్ నాయకత్వంలో, బొంబాయి జట్టుపై వాంఖడే మైదానంలో రెండే రెండు పరుగుల తేడాతో గెలిచి, ట్రోఫీని దక్కించుకొన్నది. ఆ కప్పుపై గోయల్ వేలిముద్ర లేదు. కాని ఆ జట్టును పుష్కరకాలం నిలబెట్టినవారిలో ఆయన ముందువరుసలో ఉన్నారు. గోడను చూచినవాడు పునాదిని చూడడు కదా!

గోయల్ ఒంటరి కారు. బొంబాయిలో ఆయన సమకాలికుడైన పద్మాకర్ శివాల్కర్ కూడా ఎడమచేతి స్పిన్నరే. 124 మ్యాచ్‌లలో 589 వికెట్లు తీసినా ఆయనకూ టెస్టు యోగం లేకపోయినది. 1972-73 రంజీ ఫైనలులో మద్రాసులో తమిళనాడును ఆయన ఒక ఇన్నింగ్స్‌లో 16 పరుగులకు ఎనిమిది, మరొక ఇన్నింగ్స్‌లో 18 పరుగులకు అయిదు వికెట్లతో కూల్చివేశారు. మన హైదరాబాదులో ఆఫ్ స్పిన్నర్ కన్వల్‌జిత్ సింగ్ ఉన్నారు. నలుబది ఏండ్లు దాటిన తరువాత 1999-2000 రంజీ సీజన్‌లో 62 వికెట్లు తీసి హైదరాబాదును ఫైనలు వరకు నడిపించినవారిలో ఆయన ముఖ్యులు. ఆయన సైతం భారత జట్టుకు ఆడలేదు. ఇటువంటివారు ప్రతి రాష్ట్రంలోను ఉంటారు. వీరు వేసిన బంతులను ఎదుర్కొనే కదా రేపటి టెస్టు బ్యాట్స్‌మన్లు పదును దేరినది!

గోయల్‌కు గౌరవం చాలా ఆలస్యంగా వచ్చింది. 2017 మార్చిలో భారత క్రికెట్ నియంత్రణ మండలి బెంగుళూరులో జరిగిన సభలో ఆయనకు, శివాల్కర్‌కు కర్నల్ సి.కె. నాయుడు జీవిత సాఫల్య పురస్కారాలను అందజేసినది. అప్పటికి ఆయన వయస్సు డెబ్బది నాలుగు. ఏ నగరంలో టెస్టు ఆడే అవకాశం చేజారినదో, నలుబది రెండేండ్ల తరువాత ఆ నగరంలోనే ఆయనకు సన్మానం జరిగినది. 2020 జూన్ 21న రోహ్‌తక్‌లో ఆయన కన్నుమూశారు. శివాల్కర్ 2025 మార్చిలో మరణించారు.

ఈ జీవితం నుండి విద్యార్థులు గ్రహించవలసినది ఏమిటి? ఓర్పు ఉంటే ఫలితం తప్పక లభిస్తుందని చెప్పడం తేలిక. కాని గోయల్ చరిత్ర ఆ మాటను సమర్థించదు. ఆయన ఓర్చుకొన్నారు, శ్రమించారు, ఆశించినది దక్కలేదు. కాబట్టి నేర్చుకోవలసినది వేరు. ఎంపిక అన్నది ఇతరుల చేతిలో ఉన్నది, పైగా అది స్థానాల సంఖ్యను బట్టి ఉంటుంది. పని మాత్రం మన చేతిలో ఉన్నది. పోటీ పరీక్షలో పది ఉద్యోగాలకు పదివేలమంది కూర్చున్నప్పుడు పదకొండవవాడు అసమర్థుడని ఎవరనగలరు? ఆ పదకొండవవాడు మరునాడు తన పనికి తాను వెళ్ళాడా లేదా అన్నదే అతని విలువను నిర్ణయిస్తుంది. బెంగుళూరు నుండి తిరిగి వచ్చిన తరువాత గోయల్ మరి పది సంవత్సరాలు బంతి వేశారు. ఆయన చరిత్రలో అత్యంత విలువైన ఘట్టం నా దృష్టిలో అదే.

ఇంకొక సంగతి కళాశాల పెద్దలకు సవినయంగా మనవి చేయవలసి ఉన్నది. గోయల్ ఆడిన రంజీ మ్యాచ్‌లలో అనేకం చిన్న పట్టణాలలో, కొద్దిమంది ప్రేక్షకుల ఎదుట జరిగినవి. వాటిని చూపే టెలివిజన్ లేదు. అయినా ఆయన 637 వికెట్లలో ఒక్కటీ పోలేదు. ఎందుకు పోలేదు? మైదానం ప్రక్కన బల్ల వేసుకొని కూర్చున్న స్కోరరు ప్రతి బంతినీ పుస్తకంలో వ్రాశాడు కనుక. ఆ వ్రాత లేకుంటే గోయల్ అనే బౌలర్ రోహ్‌తక్ వృద్ధుల జ్ఞాపకాలలో తప్ప మరెక్కడా ఉండేవాడు కాడు. మన కళాశాల క్రీడలలో కప్పు గెలిచిన జట్టు ఫోటో గోడకెక్కుతుంది. ఓడిన జట్టులో అయిదు వికెట్లు తీసిన విద్యార్థి పేరు మరుసటి ఏటికే మరుగున పడుతుంది. ప్రతి మ్యాచ్‌కు ఒక స్కోరు పుస్తకం, ఆ పుస్తకాలను భద్రపరచడానికి గ్రంథాలయంలో ఒక అర, ఏటేటా సంచికలో ఒక పుట కేటాయించడం పెద్ద వ్యయంతో కూడిన పని కాదు. ఎంపిక చేయడం కొద్దిమందినే సాధ్యం కావచ్చు. చేసిన పనిని వ్రాసి ఉంచడం అందరి విషయంలోను సాధ్యమే. ఇంట గెలిచినవాని గెలుపును ఇంటివారైనా గుర్తుంచుకోవాలి కదా!